ఏ మాట పెట్టినా ఒకటేనా?

మూడో అంతస్తు ఇల్లు,
వంటగది బల్ల దగ్గర

తమ్ముడికి,

ఆశీస్సులు. మీ కంపెనీ పార్సెల్ అందింది. కొత్త ఇన్‌హేలర్ పెట్టెలో పెట్టే కాగితాన్ని తెలుగు చేయాలట. ప్రచార విభాగం మేడమ్ ఫోన్ చేసి, "మీ పేరు మీ తమ్ముడే చెప్పారండీ, మా టెస్టింగ్‌లో ఉంటారు కదా" అన్నారు. నాకు ఒక్క ముక్క చెప్పలేదేం? ఇన్నాళ్ళూ కుక్కర్ల కాగితాలూ మిక్సీల కాగితాలూ అనువదించుకుంటున్నదాన్ని, మందుల పని ఇప్పించావు. సంతోషమే. కానీ నువ్వు ఊరికే ఒకరి పేరు ఇంకొకరికి చెప్పే రకం కాదు. ఏమిటి సంగతి?

సరే, పని మాట. మొదటి వాక్యంలోనే ఒక మాట కాళ్ళకి అడ్డం పడింది. ఆయాసానికి ఇది "ఎఫికేషియస్" మందు అని ఉంది. ఎఫెక్టివ్ అనలేదు, ఎఫిషియంట్ అనలేదు. ఇంగ్లీషులో వీళ్ళంతా ఒక కడుపున పుట్టిన పిల్లలు. ముఖాలు ఒకలాగే ఉంటాయి, ఎవర్ని పిలిచినా ఇంకొకరు పలుకుతారు. అనువాదం చేసేవాళ్ళు మోసపోయేది అక్కడే.

మొన్న మా లిఫ్టు ఆగిపోయింది. బాగుచేసే మనిషి వచ్చాడు. ఒక్క స్క్రూ కింద పడనివ్వలేదు, ఒక్క నిమిషం వృథా చేయలేదు, చకచకా ముగించి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. అతను ఎఫిషియంట్. కానీ లిఫ్టు కదల్లేదు. అంటే ఆ పని ఎఫెక్టివ్ కాదు. అప్పుడు మన పెద్దమ్మ కింద బిల్డింగ్ మేనేజర్ గదిలోకి వెళ్ళి, "లిఫ్టు కదిలేదాకా నేనూ కదలను" అని కుర్చీలో కూర్చుంది. సాయంత్రానికల్లా లిఫ్టు నడిచింది. అలా అనుకున్నది అనుకున్నట్టు జరిపించి తీరేదాన్ని ఎఫెక్చువల్ అంటారు. ఇక ఎఫికేషియస్ అనేది ఎక్కువగా మందులకే వాడతారు. గుణం చేసే శక్తి ఆ మందులో ఉంది అని. మరి మీ కంపెనీవాళ్ళు ఈ మాట తెలిసే పెట్టారా, బరువుగా ఉందని పెట్టారా? కనుక్కుని రాయి.

అన్నట్టు పార్సెల్‌లో ఒక ఇన్‌హేలర్ కూడా పంపారు. పెద్దమ్మ ఆయాసం సంగతి నీకు తెలుసుగా. డాక్టరుగారికి చూపిస్తే, "మందు పాతదే, డబ్బా కొత్తది, వాడొచ్చు" అన్నారు. ఆవిడ దానికప్పుడే పేరు కూడా పెట్టేసింది. "ఆ పిస్తోలు ఇలా తేవే" అంటోంది.

నీ అక్క

*

కంపెనీ క్వార్టర్స్

అక్కకి నమస్కారాలు.

నేను క్షేమం. ఇక్కడ పని చాలా బాగుంది. అందరూ చాలా మంచివాళ్ళు. నీ పేరు చెప్పడంలో విశేషం ఏమీ లేదు. తెలుగు బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే చెప్పాను.

మాటల సంగతి అంటావా, ఏ మాట పెట్టినా ఒకటే అక్కా. జనం అంత లోతుగా చదవరు. మేడమ్ ఏది పెట్టమంటే అది పెట్టి ఇచ్చెయ్.

ఇక్కడ సిగ్నల్ సరిగా అందదు. ఫోన్ చేయకు, ఉత్తరాలే రాయి. ఆఫీసుకి కాదు, క్వార్టర్స్‌కి రాయి.

నీ తమ్ముడు

పెద్దమ్మకి పాత ఇన్‌హేలరే వాడించు. కొత్తదానికి అలవాటు కావాలి.

*

మూడో అంతస్తు ఇల్లు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పక్కన పెట్టాను. మళ్ళీ తీసి చదివాను. ఇది నువ్వు రాసిందేనా?

చేతిరాత నీదే. కానీ అక్షరాలన్నీ బడిపిల్లల్లా గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. నువ్వు మామూలుగా రాస్తే కొమ్ములు పై వరుసలోకి పోతాయి, దీర్ఘాలు కాగితం దాటిపోతాయి. చిత్తు రాసి, ఎవరికైనా చూపించి, మళ్ళీ ఎక్కించావా? చివర పెద్దమ్మ గురించి రాసిన ముక్క మాత్రం అచ్చం నీలాగే ఉంది. వంకరగా, హడావిడిగా, అంచున ఇరికించినట్టు.

ఇంకోటి. "ఏ మాట పెట్టినా ఒకటే" అన్నది నువ్వా? చిన్నప్పుడు పరీక్షలో "చల్లగా" రాసినా "చల్లని" రాసినా ఒకటేనన్నందుకు మాస్టారితో పోట్లాడి గుమ్మం బయట నిలబడ్డవాడివి నువ్వు. ఇప్పుడు మాటలన్నీ ఒకటైపోయాయా?

నీ ఉత్తరం అందిన మర్నాడే మేడమ్ ఫోన్. "ఎఫికేషియస్ అనేది తీసేయండి. ఎఫెక్టివ్ అనండి. ఇంట్లో ఎవరైనా వాడుకోవచ్చు, ఫలితం ఖాయం, అలా రావాలి" అన్నారు. "ఎవరు మార్చారండీ?" అంటే "పైనుంచి వచ్చింది" అన్నారు.

నువ్వు టెస్టింగ్‌లో ఉన్నవాడివి, నీకు నేను చెప్పాలా? మందులో గుణం ఉండటం వేరు, మనిషికి గుణం చేయడం వేరు. మొదటిది మీ గదిలో, మీ యంత్రాల మధ్య, మీరు చెప్పినట్టు వినే మనుషుల మీద తేలుతుంది. రెండోది మా ఇంట్లో తేలాలి. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయే మనిషి దగ్గర, పొయ్యి మీద పాలు పొంగుతుంటే పరుగెత్తే మనిషి దగ్గర తేలాలి. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టారంటే మీ గదిలోంచి మా ఇంట్లోకి దూకేశారన్నమాట. మధ్యలో ఏం చూసుకుని దూకారు?

పాతదే వాడించమన్నావు. మీ కంపెనీ సరుకే కదా, నువ్వెందుకు వద్దంటున్నావు? పాతదాన్ని బల్ల మీద పెట్టాను. పెద్దమ్మ వింటేగా. "ఇది చిన్నగా సంచీలో పడుతుంది. వాడు చేసింది కదే, వాణ్ణి తలుచుకుంటూ పీలుస్తా" అంటోంది. పీలుస్తోంది. ఆయాసం మాత్రం తగ్గినట్టు నాకు కనబడటం లేదు.

సూటిగా చెప్పు.

అక్క

*

కంపెనీ క్వార్టర్స్

అక్కకి,

నీ ఉత్తరం చూసి బాధ కలిగింది. నేను ఎవరికో చూపించి రాశానని ఎలా అనుకున్నావు? తమ్ముడి మీద ఆ మాత్రం నమ్మకం లేదా?

పరీక్షల ఫలితాలు చాలా బాగా వచ్చాయి. పాల్గొన్నవాళ్ళందరికీ ఆయాసం తగ్గింది. అందరికీ నర్సులు పక్కనే నిలబడి, ఎప్పుడు నొక్కాలో ఎప్పుడు పీల్చాలో చెప్పి మరీ చేయించారు. కాబట్టి మందు మీద అనుమానం అక్కర్లేదు. పెద్దమ్మ సరిగ్గా వాడటం లేదేమో.

కంపెనీ పని అంటే పదిమంది కలిసి చేసేది. నువ్వు ఒక్క మాట పట్టుకుని లాగితే ఇక్కడ నాకు ఇబ్బంది. దయచేసి పంపినట్టే తెలుగు చేసి ఇచ్చెయ్.

నీ తమ్ముడు

పెద్దమ్మ ముందు నొక్కుతుందా, ముందు పీలుస్తుందా? ఒక చేత్తో నొక్కగలుగుతోందా? ఆ వేళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి? వెంటనే రాయి. పాతదే ఇవ్వు అక్కా, కొత్తది తీసి దాచెయ్.

*

మూడో అంతస్తు ఇల్లు

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చేలోపే జరగాల్సింది జరిగింది. ముందే చెబుతున్నాను, పెద్దమ్మ బాగానే ఉంది. కంగారుపడకు. కంగారుపడే హక్కు నీకుందో లేదో నాకు తెలియదు కూడా.

కూరగాయలకని సంచీ పట్టుకుని ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి లిఫ్టులో ఎవరో సామాను ఎక్కిస్తుంటే ఆగే ఓపిక లేక మెట్లెక్కింది. రెండో అంతస్తు దగ్గర ఊపిరి అందక కూలబడింది. కింది వాటా ఆవిడ కేక వేస్తే పరుగెత్తాను. పెద్దమ్మ గోడకి ఆనుకుని, కొత్త ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని, రెండు బొటనవేళ్ళతో నొక్కుతోంది. అది దిగడం లేదు. దిగినప్పుడేమో మందు పొగలాగా పెదవుల పక్కనుంచి బయటికి పోతోంది. ఆవిడ కళ్ళు నన్ను చూస్తున్నాయి రా. జన్మంతా కుట్టుమిషన్ మీద, కత్తెర మీద అరిగిపోయిన వేళ్ళవి. మనిద్దరి యూనిఫారాలూ కుట్టిన వేళ్ళు.

క్లినిక్‌కి తీసుకెళ్ళాం. ఊపిరి అందాక డాక్టరుగారు ఆవిడ చేతికి మళ్ళీ అదే ఇచ్చి, "ఒకసారి నొక్కండమ్మా, నేను చూస్తాను" అన్నారు. చూసి నావైపు తిరిగారు.

"దీని స్ప్రింగు పాతదానికంటే గట్టిగా ఉంది. ఈ వేళ్ళతో నొక్కేసరికి పీల్చడం అయిపోతోంది. మందంతా నాలుక మీదే. నేను మందు చూశాను గానీ డబ్బా చూడలేదు. నాదీ తప్పే" అన్నారు.

ఒక ప్లాస్టిక్ గొట్టం తగిలించారు. దాంట్లోకి నొక్కితే మందు గొట్టంలో నిలుస్తుంది, తర్వాత నిదానంగా పీల్చుకోవచ్చు. రెండు చేతులూ వాడొచ్చు, తొందర లేదు.

ఇప్పుడు నా మాట విను. నిన్న మేడమ్ మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి "ఎఫిషియంట్" కూడా చేర్చాలట. తక్కువ మందుతోనే పని అయిపోతుంది, చుక్క వృథా కాదు అని. నేను మెట్ల మీద గాల్లో కలిసిన మందు చూసి వచ్చినదాన్ని. నాతో రాయించాలనుకుంటున్నారు, చుక్క వృథా కాదని!

రాయనన్నాను. మేడమ్‌కి ఒకటే ప్రశ్న పంపాను: "దీన్ని ఎవరి చేతులతో పరీక్షించారు? ముసలివాళ్ళ చేతులతోనా, నొప్పులున్న చేతులతోనా, నర్సు పక్కన లేనప్పుడా? జవాబు వచ్చేదాకా తెలుగులో ఒక్క అక్షరం రాయను." మేడమ్‌కే కాదు, మీ పెద్దవాళ్ళందరికీ చేరేలా పంపాను.

నిన్ను అడగాల్సింది వేరే ఉంది. నర్సులు పక్కనే ఉన్నారని నువ్వే రాశావు. పెద్దమ్మ వేళ్ళ గురించి నువ్వే అడిగావు. అంటే నీకు ముందే తెలుసు. తెలిసి, నా పేరెందుకు చెప్పావు? అక్క కదా, ఇంటి మనిషి కదా, నోరు మూసుకుని రాసి పడేస్తుందనా?

*

రైల్వే స్టేషన్, వెయిటింగ్ హాలు

అక్కా,

ఈ ఉత్తరం క్వార్టర్స్‌లో రాయలేదు. పక్క వాటాలో మా టెస్టింగ్ పెద్దసారు తోడల్లుడు ఉంటాడు. రోజూ టీకని వచ్చి కూర్చుంటాడు. "మీ అక్కయ్యగారు ఏమంటున్నారు? ఏం రాశారు? మీరేం రాస్తున్నారు?" ఇవే ప్రశ్నలు. నీకు రాసిన రెండు ఉత్తరాలూ అతను చదివాకే కవర్లో పెట్టాను. చివరి ముక్కలు పోస్టు డబ్బా దగ్గర నిలబడి చేర్చాను. నువ్వు పసిగడతావని తెలుసు. పసిగట్టాలనే నా ఆశ.

దీని పరీక్షలు మేం చేయించింది కుర్రవాళ్ళతో, గట్టి చేతులున్నవాళ్ళతో. పక్కన నర్సులు. అక్కడ ఫలితం బాగా వచ్చిన మాట నిజమే. అందుకే మొదట ఎఫికేషియస్ అని రాశాం. ఆ మాట నేనే పెట్టించాను, దాన్ని దాటొద్దని. ముసలివాళ్ళతో, ఇళ్ళల్లో కూడా చూద్దామని అడిగాను. పెద్దసారు నవ్వారు. "మందు పనిచేస్తోంది కదయ్యా. మనుషులు పనిచేయకపోతే మనమేం చేస్తాం?" అన్నారు. మళ్ళీ అడిగితే, "నీకు ఈ సీటు బరువుగా ఉందా?" అన్నారు. మూడోసారి అడగలేదు. పక్క వాటా అతను టీకి రావడం మొదలుపెట్టింది అప్పటి నుంచే.

అప్పుడే తెలుగులోకి ఎవరితో చేయిద్దామని మాట వచ్చింది. ఒక్క మాట తేడా వస్తే ఒప్పుకోని మనిషి ఒకరు తెలుసు నాకు. నీ పేరు చెప్పాను. నువ్వు నోరు మూసుకుంటావని కాదక్కా. మూసుకోవని. నేను అడగలేనిది నువ్వు అడుగుతావని.

పార్సెల్‌లో సరుకు కూడా పంపుతారని నాకు తెలియదు. అది పెద్దమ్మ చేతికి వెళ్ళిందని చదివాక కూడా, పాతదే వాడమని ఒక ముక్క రాసి ఊరుకున్నాను. ఎందుకో రాసి ఉండాల్సింది. అతను చదివితే చదవనీ అని రాసి ఉండాల్సింది. మెట్ల మీద ఆవిడ కూర్చున్న తీరు నువ్వు రాశావు కదా, అది కళ్ళముందు నుంచి పోవడం లేదు.

నీ ప్రశ్న వచ్చిన రోజు మేడమ్ ఎప్పుడూ లేనిది మా హాల్లోకి దిగి వచ్చారు. అందరినీ నిలబెట్టి, "ఈ అనువాదకురాలు అడిగినదానికి నాకు జవాబు కావాలి. ఎవరి చేతులతో చూశారు?" అన్నారు.

"అన్ని రకాల చేతులతోనూ మేడమ్" అన్నారు పెద్దసారు.

నా గొంతు నాకే వినపడింది. "కాదు సార్."

"ఏంటయ్యా కాదు?"

"వయసైనవాళ్ళు ఒక్కరు కూడా లేరు సార్. నర్సు లేకుండా ఒక్కసారి కూడా చూడలేదు."

మేడమ్ నావైపు చూశారు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

అచ్చు ఆపారు. సరుకు కూడా ఆపారు. ముసలివాళ్ళతో మళ్ళీ చూడాలని పై నుంచి వచ్చింది. నన్ను టెస్టింగ్ నుంచి తీసి గోడౌన్‌లో వేశారు. అక్కడ అట్టపెట్టెలూ నేనూ.

తిట్టు. కానీ రాయడం మానేయకు.

తమ్ముడు

*

మూడో అంతస్తు ఇల్లు

తమ్ముడూ,

తిడదామనే కూర్చున్నాను. రెండు కాగితాలు నింపి చింపేశాను.

నా మీద అంత నమ్మకం ఉంటే నాకు చెప్పి ఉండొచ్చుగా? "అక్కా, ఇదీ సంగతి, నాకు ధైర్యం చాలడం లేదు, నువ్వు అడుగు" అంటే అడగనా? అడిగేదాన్ని, అదే మాట, అదే ప్రశ్న. పెద్దమ్మ మెట్ల మీద కూలబడకముందే అడిగేదాన్ని. ఏమీ తెలియనట్టు నన్ను ముందుకు తోసి, నువ్వు తలుపు చాటున నిలబడి చూశావు. నేను నీ అక్కనా, నీ పనిముట్టునా?

"కాదు సార్" అన్నావు చూడు, ఆ రెండు మాటలు చదివాక కోపం కాస్త దిగింది. పూర్తిగా దిగలేదు.

నీ ఉత్తరం పెద్దమ్మకి చదివి వినిపించాను. దాచలేదు. అంతా విని, "గోడౌన్‌లో దుమ్ముంటుందా?" అని అడిగింది. అంతే. మర్నాడు మేడమ్ ఫోన్ చేసి, కొత్త పరీక్షలకి వయసైనవాళ్ళు కావాలి, మీకు తెలిసినవాళ్ళుంటే చెప్పండి అన్నారు. నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మ ఫోన్ లాక్కుంది.

"నేనొస్తానమ్మా. నర్సుని మాత్రం నా పక్కన నిలబెట్టకండి" అంది.

వచ్చేవారం బయల్దేరుతోంది. బస్సులో ఒక్కతే వస్తానని పట్టు. గొట్టం సంచీలో పెట్టాను. బస్టాండుకి నువ్వు వెళ్ళు. ఆవిడ ముఖం ఎదురుగా చూడు.

అక్క

*

గోడౌన్ నుంచి

అక్కా,

పెద్దమ్మ నిన్న తిరుగు బస్సెక్కింది. ఈ ఉత్తరం కంటే ముందే ఇల్లు చేరి ఉంటుంది. తన మాటల్లో అంతా చెప్పే ఉంటుంది. అయినా నేను చూసింది రాస్తాను.

బస్సు దిగగానే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చిక్కావు" అంది. ఇంకేమీ అడగలేదు. దారంతా ఏం అడుగుతుందో అని నేను చస్తూ నడిచాను.

హాల్లో పన్నెండు మంది దాకా వచ్చారు. అందరూ ఆవిడ వయసువాళ్ళే. నన్ను పెట్టెలు మోయడానికి పిలిచారు, అందుకని చూడగలిగాను. పెద్దసారు స్వయంగా వచ్చి పెద్దమ్మ ముందు కుర్చీ లాక్కుని, "చాలా సులువు అమ్మా. పీలుస్తూ నొక్కాలి. అంతే" అని చేసి చూపించారు.

పెద్దమ్మ నోట్లో పెట్టుకుంది. పీల్చింది. బొటనవేలితో నొక్కింది. అది దిగలేదు. మళ్ళీ పీల్చింది. ఈసారి దిగింది, కానీ మందంతా గాల్లోకి పోయింది. పెద్దసారు, "ఇంకాస్త గట్టిగా అమ్మా" అన్నారు.

ఆవిడ దాన్ని ఆయన చేతికిచ్చింది. తర్వాత ఆయన చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఆయన బొటనవేలిని తన రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది.

"ఇదేనయ్యా నా గట్టితనం. తెలుస్తోందా?" అంది.

ఆయన కాసేపు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అవతల మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో నలుగురైదుగురే ఎవరి సాయం లేకుండా వాడగలిగారు. స్ప్రింగు మార్చాలన్నారు. పెట్టెలో గొట్టం కూడా పెట్టాలన్నారు. కాగితం మళ్ళీ నీకే వస్తుంది.

నన్ను మాత్రం గోడౌన్‌లోనే ఉంచారు. దానికి నేనేమీ అనుకోవడం లేదు. పక్క వాటాలో అతను టీకి రావడం మానేశాడు. నేను బాగానే ఉన్నాను.

తమ్ముడు

*

మూడో అంతస్తు ఇల్లు

తమ్ముడూ,

కాగితం వచ్చింది. ఈసారి ఎఫెక్టివ్ లేదు, ఎఫిషియంట్ లేదు. మేడమ్ ఇంగ్లీషులో మళ్ళీ ఎఫికేషియస్ అనే పెట్టి, కింద రెండు వాక్యాలు చేర్చారు. నేను తెలుగులో ఇలా రాశాను: "ఈ మందుకు ఆయాసం తగ్గించే గుణం ఉంది. అది మీ ఊపిరితిత్తుల దాకా చేరితేనే మీకు గుణం చేస్తుంది. వేళ్ళలో బలం లేనివారు పెట్టెలోని గొట్టంతో వాడండి. ఎలా వాడుతున్నారో ఒకసారి డాక్టరు ఎదుట చేసి చూపించండి." మేడమ్ ఒక్క అక్షరం మార్చలేదు.

పెద్దమ్మ ఇప్పుడు మెట్లు ఎక్కడం లేదు, లిఫ్టు కోసం ఆగుతోంది. అది చాలు నాకు. పెద్దసారు గురించి అడిగితే, "పాపం, ఆ అబ్బాయి చెయ్యి చల్లగా ఉందే" అంది. నీ గురించి మాత్రం ఏమీ చెప్పదు.

నువ్వు చేసినదాని మీద నా కోపం తగ్గింది, అది నిజం. నమ్మకం ఇంకా వెనక్కి రాలేదు, అదీ నిజమే. నీ ఉత్తరం వస్తే ముందు అక్షరాలు ఎలా ఉన్నాయో చూస్తున్నాను, తర్వాతే చదువుతున్నాను. ఈసారి కొమ్ములు పై వరుసలోకి వెళ్ళాయి. కానీ చివరి వాక్యం దగ్గర మళ్ళీ గీత మీద కూర్చున్నాయి.

ఇది రాస్తుంటే పెద్దమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "వాడేం రాశాడే?" అంది.

"బాగానే ఉన్నాడట" అన్నాను.

నిజమేనా? రాయి.

అక్క